ఎక్కడ నొప్పి లేదు? ఇండియానా జోన్స్ సీక్వెల్స్ మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక సీన్ గుర్తు చేస్తాను. 1981లో వచ్చిన మొదటి సినిమా, 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్'. ఓడలో ఇరుకు గది. మన హీరో ఇండియానా జోన్స్, అదే ఇండీ, మంచం మీద కూలబడి ఉన్నాడు. అంతకు ముందే ఒక లారీ వెనక మట్టిరోడ్డు మీద ఈడ్చుకుపోయాడు. చేతికి తూటా తగిలింది. అతని పాత ప్రేయసి మేరియన్ గాయాలు తుడవబోతే అక్కడ ముట్టుకోకు, ఇక్కడ ముట్టుకోకు అని కసురుకుంటాడు. ఆమెకి విసుగొస్తుంది. సరే, నొప్పి లేనిది ఎక్కడో చెప్పు అంటుంది. అతను మోచెయ్యి చూపిస్తాడు. అక్కడ ముద్దు పెడుతుంది. తర్వాత నుదురు, తర్వాత కంటిరెప్ప, ఆ తర్వాత పెదవులు. ఆ ముద్దు మధ్యలోనే మన హీరో నిద్రపోతాడు.

నేను ఈరోజు చెప్పదలుచుకున్నదంతా ఆ గదిలోనే ఉంది. ఈ సిరీస్‌లో ఏ సీక్వెల్ గొప్పది, ఏది కాదు అని మనం ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాం. రెండో భాగం అనేవాళ్లు, మూడో భాగం అనేవాళ్లు, మొదటిదాని తర్వాత ఏదీ సినిమాయే కాదనేవాళ్లు, అందరూ ఈ హాల్లోనే ఉన్నారు. నాలుగోదాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు కూడా కొంతమంది కనబడుతున్నారు, వాళ్లకి నా ప్రత్యేక నమస్కారం. నా కొలమానం ఒక్కటే. ఈ మనిషికి నొప్పి తెలుస్తోందా లేదా? తెలుస్తున్నంతసేపూ అది ఇండియానా జోన్స్ సినిమా. తెలియని చోట టోపీ, కొరడా, జాన్ విలియమ్స్ సంగీతం అన్నీ ఉన్నా అది వేరే ఏదో సినిమా.

ఎందుకిలా అంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1977 మేలో, 'స్టార్ వార్స్' విడుదలైన రోజుల్లో, జార్జ్ లూకస్ ఆ టెన్షన్‌కి దూరంగా హవాయి వెళ్లిపోయాడు. స్టీవెన్ స్పీల్‌బర్గ్ కూడా అక్కడికి వచ్చాడు. బీచ్‌లో మాటల మధ్య స్పీల్‌బర్గ్ తనకి జేమ్స్ బాండ్ సినిమా తియ్యాలని ఉందన్నాడు. అంతకంటే మంచిది నా దగ్గర ఉంది అని లూకస్ ఈ కథ చెప్పాడు. 1930లు, 40లలో అమెరికా థియేటర్లలో వారానికో భాగం చొప్పున వేసిన సాహస సీరియల్స్ ఉన్నాయి చూడండి, ఆ ఒరవడిలో ఒక పురావస్తు శాస్త్రవేత్త కథ. ఇండియానా అన్నది లూకస్ పెంచుకున్న కుక్క పేరు. ఇదంతా మీకు తెలిసిందే.

కానీ ఆ పాత సీరియల్స్‌లో ఒక లక్షణం ఉంది. హీరోకి దెబ్బ తగలదు. ఈ వారం కారు లోయలో పడిపోతుంది. వచ్చే వారం చూస్తే అతను ముందే దూకేసి ఉంటాడు, చొక్కా కూడా నలగదు. లూకస్, స్పీల్‌బర్గ్, స్క్రీన్‌ప్లే రాసిన లారెన్స్ కాస్డన్ ఆ సీరియల్ చట్రం తీసుకున్నారు కానీ ఈ ఒక్క నియమాన్ని తిరగేశారు. వీళ్ల హీరో ప్రతి గండం నుంచీ బయటపడతాడు, కానీ ప్రతిదానికీ ఒళ్లు హూనం చేసుకుని. వయసు వల్ల కాదు, తిరిగిన దూరం వల్ల ఇలా అయ్యానని ఆ ఓడ గదిలోనే చెప్పుకుంటాడు.

ఆ సినిమాలో అందరికీ గుర్తుండిపోయిన క్షణం కూడా అలా ఒంటి బాధలోంచే పుట్టింది. కైరో బజారులో నల్లబట్టల కత్తివీరుడు ఎదురొచ్చి కత్తి గిరగిరా తిప్పుతాడు. అక్కడ కొరడాకీ కత్తికీ మధ్య పెద్ద ఫైట్ తియ్యాలని ప్లాన్. షూటింగ్ ట్యునీషియాలో. యూనిట్‌లో చాలామంది జబ్బుపడ్డారు. ఇండీగా వేసిన హారిసన్ ఫోర్డ్‌కి విరేచనాలు, నిలబడే ఓపిక లేదు. ఇంత ఫైట్ ఎందుకు, కాల్చిపారేస్తే పోదా అన్నాడు. అలాగే తీశారు. ఆ షాట్‌లో ఫోర్డ్ మొహం ఇంకోసారి చూడండి. ఆ నీరసం నటన కాదు.

ఇప్పుడు అసలు తగాదాలోకి వద్దాం. నేను వరసగా రాను. అన్నిటికంటే ఎక్కువ గొడవ ఎక్కడ జరుగుతుందో అక్కడ మొదలుపెడతాను. ఫ్రిజ్.

2008, 'కింగ్‌డమ్ ఆఫ్ ది క్రిస్టల్ స్కల్'. కథాకాలం 1957. ఇండీ నెవాడా ఎడారిలో ఒక ఊళ్లోకి వస్తాడు. ఇళ్లున్నాయి, టీవీలు మోగుతున్నాయి, మనుషులు లేరు, బొమ్మలున్నాయి. అది అణుపరీక్ష కోసం కట్టిన ఊరు. లెక్కింపు మొదలవుతుంది. సీసపు పూత ఉన్న ఒక ఫ్రిజ్‌లో దూరి తలుపు వేసుకుంటాడు. బాంబు పేలుతుంది, ఫ్రిజ్ గాల్లోకి ఎగిరి ఎక్కడో పడుతుంది, అతను తలుపు తోసుకుని బయటికి దొర్లుతాడు. ఇది ఎంత గొడవ అయిందంటే, ఒక సిరీస్ గాడి తప్పిన క్షణాన్ని ఈ ఫ్రిజ్ పేరుతోనే పిలవడం ఇంగ్లీషు అభిమానులకి అలవాటైపోయింది. స్పీల్‌బర్గ్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో, జార్జ్‌ని అనకండి, ఆ ఆలోచన నాదే అని తన మీద వేసుకున్నాడు.

నాలుగో భాగాన్ని సమర్థించేవాళ్ల వాదన బలమైనదే. వాళ్లేమంటారు? 1984 నాటి 'టెంపుల్ ఆఫ్ డూమ్'లో పైలట్లు లేని విమానంలోంచి ముగ్గురు మనుషులు గాలి నింపే రబ్బరు పడవ మీద కూర్చుని దూకుతారు. ఆ పడవ మంచుకొండ మీద పడి, జారి, కొండ అంచు దాటి, నదిలో పడుతుంది. ఎవరికీ ఏమీ కాదు. దానికి చప్పట్లు కొట్టినవాళ్లు ఫ్రిజ్‌కి ఎందుకు కోప్పడాలి? చిన్నప్పుడు చూసినదానికి ఒక న్యాయం, పెద్దయ్యాక చూసినదానికి ఇంకో న్యాయమా?

నిజానికి ఈ రెండు సీన్లకీ ఒక చుట్టరికం ఉంది. రెండూ పాత చిత్తుప్రతుల్లోంచి వచ్చినవే. పడవ మీద దూకడం మొదటి సినిమా కోసం అనుకుని వదిలేసినది, గని బండ్ల ఛేజ్ కూడా అంతే. ఇక ఫ్రిజ్‌లో దూరడం, అణుపరీక్ష స్థలం, ఇవి స్పీల్‌బర్గ్ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా ఉన్న 'బ్యాక్ టు ది ఫ్యూచర్' తొలి ప్రతుల్లో ఉన్న సంగతులు. అంటే ఇది కొత్త తరం చేసిన తప్పు, పాత తరం చేసిన ఒప్పు అనడానికి లేదు. అదే మనుషులు, అదే అటక.

2008లో ఆ సీన్ చూసి కోప్పడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. భౌతికశాస్త్రం గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను కూడా. ఇప్పుడు ఆ అభిప్రాయం మార్చుకున్నాను. ఫ్రిజ్ తప్పు కాదు. ఆ సీన్ చివర ఒక షాట్ ఉంది. నల్లటి చిన్న ఆకారంగా ఇండీ, వెనకాల ఆకాశమంతా పుట్టగొడుగు మేఘం. 1936లో బైబిల్లోని మందసం కోసం నాజీలతో కొట్లాడిన మనిషి, మనుషులే తయారుచేసిన ఆ నిప్పు ముందు అలా నిలబడిపోతాడు. ఇరవయ్యేళ్లలో లోకం ఎంత మారిందో చెప్పడానికి అంతకంటే మంచి బొమ్మ ఉండదు.

మరి ఎక్కడ చెడింది? ఆ తర్వాత. ఆ షాట్ అయిపోగానే ఒళ్లు రుద్ది కడుగుతారు, ప్రభుత్వం వాళ్లు నాలుగు ప్రశ్నలు వేస్తారు, ఇక ఆ మనిషి మామూలే. కుంటడు. మూలగడు. ఇంకాస్త వెనక్కి వెళ్తే, సినిమా మొదట్లో గోదాములో కొరడా పట్టుకుని ఊగి, గురి తప్పి వెనక లారీ అద్దంలోంచి పడతాడు. అక్కడ దెబ్బ ఉంది, మనకి తెలిసింది. ఫ్రిజ్ తర్వాత అది పోయింది. అడవిలో రెండు జీపుల మీద నిలబడి కత్తియుద్ధం, కోతులతో పాటు తీగలు పట్టుకుని ఊగడం, మూడు జలపాతాలు. మూడో జలపాతం నుంచి పడ్డాక కూడా అందరూ బట్టలు దులుపుకుని లేస్తారు. గ్రాఫిక్స్ బాగాలేవని చాలామంది అంటారు. గ్రాఫిక్స్ ఇంకా బాగున్నా నాకు ఆ ఛేజ్ నచ్చేది కాదు. మొదటి సినిమాలో లారీ కిందికి జారింది టెర్రీ లెనార్డ్ అనే స్టంట్‌మ్యాన్. లారీ వెనక ఈడ్చుకుపోయే షాట్లలో కొన్ని ఫోర్డ్ స్వయంగా చేశాడు. మట్టి నిజం, లారీ నిజం. మన పక్కటెముకలకి ఆ సంగతి తెలిసిపోతుంది.

నాలుగో సినిమాలో నన్ను ఇప్పటికీ వదలని చోటు ఒకటుంది. కాలేజీ ఉద్యోగం పోయిన ఇండీ ఇంట్లో కూర్చుని ఉంటాడు. బల్ల మీద రెండు ఫొటోలు, ఒకటి నాన్నది, ఒకటి పాత స్నేహితుడు మార్కస్‌ది. మార్కస్‌గా వేసిన డెన్‌హమ్ ఇలియట్ 1992లోనే చనిపోయాడు. నాన్నగా వేసిన షాన్ కానరీ నటనకి స్వస్తి చెప్పి ఈ సినిమాకి రానన్నాడు. జిమ్ బ్రాడ్‌బెంట్ వేసిన డీన్ పాత్ర పక్కనే కూర్చుని, జీవితం మనకి ఇవ్వడం మానేసి మన దగ్గర్నుంచి తీసుకోవడం మొదలుపెట్టే వయసుకి వచ్చాం అన్న అర్థంలో ఒక మాట అంటాడు. ఆ ఒక్క మాటలో ఇంకో సినిమా ఉంది. ఆ సినిమా తియ్యకుండా గ్రహాంతరవాసుల పుర్రె వెనక పరిగెత్తారు. ఆ పుర్రె ఆలోచన లూకస్‌ది, స్పీల్‌బర్గ్‌కి అది మొదటినుంచీ అంతగా రుచించలేదు. ఇష్టం లేకుండా తీసిన సంగతి తెర మీద కనబడుతూనే ఉంటుంది.

సరే, 'టెంపుల్ ఆఫ్ డూమ్'. దీని దగ్గర కొంచెం సేపు ఆగాలి. మనలో చాలామందికి దీని మీద ప్రేమా కోపమూ రెండూ ఉన్నాయి, రెండూ న్యాయమైనవే.

కోపం సంగతి ముందు. కథ 1935లో ఇండియాలో జరుగుతుంది. ఇక్కడ షూటింగ్‌కి అనుమతి కోసం అడిగితే స్క్రిప్ట్ మీద ప్రభుత్వం అభ్యంతరాలు చెప్పింది. దాంతో శ్రీలంకలో, క్యాండీ చుట్టుపక్కల తీశారు. అందుకే ఇండియాలోని పల్లె అని చెప్పిన చోట ఊరిపెద్ద సింహళంలో మాట్లాడతాడు. ఇక ప్యాలెస్‌లో విందు. పాము పొట్ట కోస్తే పిల్లపాములు, వేయించిన పురుగులు, కళ్లు తేలే సూపు, కోతి మెదడు. ఇది ఏ దేశపు భోజనమూ కాదు, మన దేశపుది అసలే కాదు. కాళీమాతని నరబలి కోరే భూతంలా చూపించారు. థగ్గులు నిజంగా ఉన్న దారిదోపిడీ ముఠాలే, కానీ వాళ్లని 1830లలోనే విలియం స్లీమన్ అనే బ్రిటిష్ అధికారి చాలావరకు అణిచేశాడు. వంద ఏళ్ల తర్వాత వాళ్లకి ఒక భూగర్భ గుడి కట్టించి, చివర్లో బ్రిటిష్ కెప్టెన్ సైనికులతో వచ్చి కాపాడినట్టు చూపించారు. 1935లో ఈ దేశంలో ఏం జరుగుతోందో మనకి తెలుసు. ఆ కెప్టెన్ రాగానే ఊపిరి పీల్చుకోమని సినిమా అడుగుతుంది. నేను పీల్చుకోలేను. సరదా సినిమా కదా, పట్టించుకోకండి అని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఇది చూసి మన గురించి తెలుసుకున్నామనుకున్న పిల్లలు లోకంలో చాలామంది ఉన్నారు.

ఇంకో ఫిర్యాదు విల్లీ పాత్ర. మొదటి సినిమాలో మేరియన్ నేపాల్‌లో తాగుడు పందెంలో మగవాళ్లని ఓడించి మనకి పరిచయమవుతుంది, ఇండీ కనబడగానే దవడ పగలగొడుతుంది. ఆ తర్వాత సినిమాలో హీరోయిన్ పని కేకలు పెట్టడం. ఆ పాత్ర వేసిన కేట్ క్యాప్‌షాని స్పీల్‌బర్గ్ 1991లో పెళ్లి చేసుకున్నాడు, ఆ సినిమా వల్ల తనకి మిగిలిన గొప్ప సంగతి అదేనన్నాడు. అంటే తీసినవాడికే అది అంత ఇష్టమైన సినిమా కాదు. అప్పుడు లూకస్ విడాకుల్లో ఉన్నాడు, స్పీల్‌బర్గ్ కూడా ప్రేమ చెడి ఉన్నాడు. ఆ చీకటి సినిమా నిండా ఉంది. గుండె పెరికే సీన్ చూసి తల్లిదండ్రులు ఎంత గోల చేశారంటే, అదే ఏడాది జూలై 1 నుంచి అమెరికాలో పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల్ని హెచ్చరించే పీజీ-13 అనే కొత్త సర్టిఫికెట్ వచ్చింది. ఆ ఏడాదే వచ్చిన 'గ్రెమ్లిన్స్' మీద కూడా ఇదే గోల జరిగింది.

ఇన్ని చెప్పాక కూడా, సీక్వెల్‌గా ఇది ధైర్యమున్న సినిమా అంటాను. వెనక ఎవరో తల అడ్డంగా ఊపుతున్నారు, ఒక్క నిమిషం వినండి.

మొదటి సినిమా అంత పెద్ద హిట్టయ్యాక ఎవరైనా ఏం చేస్తారు? నాజీలని మళ్లీ తెస్తారు, మేరియన్‌ని మళ్లీ తెస్తారు. వీళ్లు అవేవీ తేలేదు. కథని ఒక ఏడాది వెనక్కి జరిపారు. డబ్బూ పేరూ కావాలని తిరిగే, ఇంకా మనిషిగా పూర్తిగా తయారుకాని ఇండీని చూపించారు. అతనికి ఒక రాయి కావాలి. ఊరివాళ్లకి పిల్లలు కావాలి. ఆ పిల్లలు గనిలో సంకెళ్లతో పనిచేస్తున్నారని కళ్లారా చూస్తాడు. అక్కడినుంచి తప్పించుకుపోవచ్చు, పోడు. పట్టుబడతాడు. బలవంతంగా విషపు రక్తం తాగిస్తారు. ఆ మత్తులో మన హీరో విలన్ అయిపోతాడు, తనని తండ్రిలా చూసే షార్ట్ రౌండ్‌నే కొడతాడు.

అప్పుడు ఆ పిల్లాడు ఏం చేస్తాడు? ఏడుస్తూ, నువ్వంటే ఇష్టం అని చెప్పి, కాగడాతో అతని పక్కటెముకల మీద కాలుస్తాడు. ఇండీ అరుస్తాడు. ఆ అరుపుతో తిరిగి మనిషవుతాడు. మందూ కాదు, మంత్రమూ కాదు. నొప్పే అతన్ని వెనక్కి తెచ్చింది. నేను మొదట చెప్పిన కొలమానానికి ఇంతకంటే సూటి సాక్ష్యం ఐదు సినిమాల్లోనూ లేదు.

తెర వెనక కూడా నొప్పే. ఈ సినిమా తీస్తుండగా ఫోర్డ్ వెన్నుపూస డిస్క్ జారింది. చికిత్సకి లాస్ ఏంజెలెస్ వెళ్లాల్సొచ్చింది. కొన్ని వారాలు డూప్ విక్ ఆర్మ్‌స్ట్రాంగ్‌తోనే ఫైట్లు లాగించారు. ఎదురుగా విలన్ మోలా రామ్‌గా మన అమ్రీష్ పురి. ఆ పాత్ర కోసం గుండు చేయించుకున్నాడు, అది బాగా కుదిరిందని తర్వాత కూడా అలాగే ఉంచుకున్నాడు. రాతలో అంత లోపమున్న పాత్రలో కూడా ఆయన కళ్లు, ఆ గొంతు తెరని ఆక్రమించేస్తాయి. ఆయన ముందు మిగతా నాలుగు సినిమాల విలన్లూ గుమస్తాల్లా కనబడతారు. ఈ విషయంలో నాతో వాదించకండి.

షార్ట్ రౌండ్‌గా వేసిన కే హుయ్ క్వాన్ వియత్నాం నుంచి శరణార్థిగా వచ్చిన పిల్లాడు. తర్వాత చాలా ఏళ్లు అవకాశాల్లేక నటనకి దూరమయ్యాడు. 2023 మార్చిలో సహాయ నటుడిగా ఆస్కార్ అందుకున్నాడు. అదే రాత్రి ఉత్తమ చిత్రం ప్రకటించడానికి వచ్చినవాడు హారిసన్ ఫోర్డ్, గెలిచింది క్వాన్ నటించిన సినిమాయే. వేదిక మీద ఇద్దరూ కావలించుకున్నారు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఈ సినిమా మీద ఒక చిక్కుప్రశ్న ఉంది. 1935లో ఆ మహిమగల శంకర రాళ్లు చేతిలో భగ్గున మండడం కళ్లారా చూసినవాడు, 1936లో మందసం గురించి మాట్లాడుతూ నాకు మాయలూ మంత్రాలూ మీద నమ్మకం లేదని ఎలా అంటాడు? అభిమానులు దీనికి రకరకాల సమాధానాలు అల్లారు. నాకు ఏదీ అతకలేదు. కథని వెనక్కి జరిపినప్పుడు ఈ ముడి విప్పడం మర్చిపోయారు, అంతే.

ఇక 1989, 'లాస్ట్ క్రూసేడ్'. నా ఓటు దీనికే. ఇప్పటిదాకా దాచిపెట్టానని కాదు, మీరు ఎప్పుడో కనిపెట్టేసి ఉంటారు.

దీనిమీద ఉన్న ఫిర్యాదు నాకు తెలుసు. భద్రమైన దారి పట్టారంటారు. నాజీలు మళ్లీ వచ్చారు, ఎడారి మళ్లీ వచ్చింది, బైబిల్ వస్తువు మళ్లీ వచ్చింది. మొదటి సినిమాలో హుందాగా ఉన్న మార్కస్ బ్రోడీ ఇందులో సొంత మ్యూజియంలోనే దారి తప్పే అమాయకుడైపోయాడు. ఆ చివరి ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు నిజం, నాకూ బాధే. మొదట్లో 1912 నాటి ఎపిసోడ్ మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. కుర్రాడిగా రివర్ ఫీనిక్స్ అద్భుతంగా చేశాడు. కానీ పాముల భయం, కొరడా, గడ్డం మీద మచ్చ, టోపీ, అన్నీ ఒకే రోజున ఒకే పిల్లాడికి దొరకడం మరీ సర్దినట్టుగా ఉంటుంది. ఆ మచ్చ ఫోర్డ్‌కి నిజంగా కారు ప్రమాదంలో వచ్చింది.

కానీ అదే ఎపిసోడ్‌లో ఒక క్షణం చూడండి. దొంగల నుంచి శిలువని కాపాడి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కుర్రాడు ఇంటికి పరిగెత్తుకొస్తాడు. నాన్నా అని పిలుస్తాడు. నాన్న తల ఎత్తడు. పుస్తకంలో ఏదో గీసుకుంటూ, ఇరవై దాకా లెక్కపెట్టు, గ్రీకులో, అంటాడు. ఆయన మొహం కూడా మనకి చూపించరు. కుర్రాడు ఆదుర్దా దిగమింగుకుని లెక్కపెడతాడు. పైకి సినిమా అంతా ఛేజులు, లోపల ఈ ఒక్క గాయం. లారీ కింద పడ్డ దెబ్బ వారంలో మానుతుంది. ఇది ఇరవై ఆరేళ్ల తర్వాత, 1938లో కూడా పచ్చిగానే ఉంటుంది.

తండ్రిగా షాన్ కానరీ. ఫోర్డ్ కంటే పన్నెండేళ్లే పెద్ద. నమ్మేశాం కదా! ఇద్దరూ మొదటిసారి తెర మీద కలిసినప్పుడు తండ్రి ఏం చేస్తాడో గుర్తుందా? ఎవరో శత్రువనుకుని పూలకూజా తీసి కొడుకు తల మీద పగలగొడతాడు. వెంటనే బాధపడతాడు. దేనికి? కూజాకి. పురాతనమైనదేమోనని. నకిలీదని తేలాక స్థిమితపడతాడు. హాలంతా నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. కానీ ఆ కొడుకు మొహం చూడండి, గ్రీకులో లెక్కపెట్టిన కుర్రాడే అక్కడ ఉన్నాడు. డైలాగుల్లో చాలావరకు నాటకకర్త టామ్ స్టాపర్డ్ తిరగరాశాడు, తెర మీద పేరు వేసుకోలేదు. ఎగిరే ఓడలో ఇద్దరూ బల్లకి అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకునే సీన్ ఉంది. మనం ఎప్పుడైనా మాట్లాడుకున్నామా అని కొడుకు అడుగుతాడు. సరే ఇప్పుడు మాట్లాడు, ఏం మాట్లాడాలి అని తండ్రి పుస్తకం మూసి చూస్తాడు. కొడుకుకి ఒక్క మాట కూడా తోచదు. సాహస సినిమాలో ఇలాంటి మౌనం పెట్టడానికి ఎంత నమ్మకం కావాలి!

క్లైమాక్స్ జోర్డాన్‌లో, పెట్రా దగ్గర. బయట కనిపించే ముఖద్వారం అల్ ఖజ్నే, నబతీయులు రెండువేల ఏళ్ల కిందట కొండలో చెక్కినది. లోపల నిజానికి ఖాళీ గది తప్ప పెద్దగా ఏమీ లేదు, మనం చూసే లోపలి భాగమంతా ఇంగ్లండ్ స్టూడియోలో వేసిన సెట్. అక్కడ విలన్ తండ్రిని కడుపులో కాలుస్తాడు. ఆ ఒక్క తూటాతో కథ స్వరూపం మారిపోతుంది. అప్పటిదాకా వాళ్లు వెతుకుతున్న పవిత్రపాత్ర, అంటే యేసు చివరి విందులో తాగిన గిన్నె, ఒక పురావస్తువు. ఇప్పుడది నాన్న గాయానికి మందు. ఇండీ మూడు పరీక్షలు దాటేది చరిత్ర కోసం కాదు. ఒక పక్క కొడుకు లోయ అంచున నిలబడతాడు, ఇంకో పక్క రక్తం కారుతూ తండ్రి నమ్మమని గొణుగుతుంటాడు. ఇద్దరి మధ్యా అన్ని గోడలు ఉన్నా ఒకరి నొప్పి ఇంకొకరికి తెలుస్తోంది.

ఆఖరున ఆ గిన్నె నేల పగులులో పడిపోతుంది. ఇండీ వేలాడుతూ దానికోసం చెయ్యి చాస్తాడు. ఇంకో అంగుళం అయితే అందుతుంది. అతని రెండో చేతిని పట్టుకున్నది నాన్న. సినిమా అంతా జూనియర్ అని పిలిచి విసిగించిన మనిషి, మొదటిసారి, మెల్లగా, ఇండియానా అని పిలుస్తాడు. వదిలెయ్యి అంటాడు. జీవితమంతా ఆ గిన్నె కోసమే వెతికినవాడు ఆ మాట అంటున్నాడు. కొడుకు వదిలేస్తాడు.

మొదటి సినిమా నాకు ప్రాణం. కానీ దానిలో ఇండీ పోగొట్టుకున్నదీ సంపాదించినదీ ఇంత లోతుగా లేదు. సీక్వెల్ అనేది మొదటిదానికంటే లోతుకి పోగలదని నాకు నమ్మకం కలిగించిన సినిమా ఇది.

'డయల్ ఆఫ్ డెస్టినీ' గురించి త్వరగా ముగిస్తాను, టైం అయిపోతోందని చీటీ వచ్చింది. 2023. దర్శకుడు స్పీల్‌బర్గ్ కాదు, జేమ్స్ మ్యాన్‌గోల్డ్. విడుదలయ్యేటప్పటికి ఫోర్డ్‌కి ఎనభై, జాన్ విలియమ్స్‌కి తొంభై ఒకటి. మొదట 1944లో ఒక రైలు మీద వయసు తగ్గించిన ఫోర్డ్ మొహంతో పొడుగాటి ఫైట్. మొహం కుర్రదే, గొంతు ముసలిది. రైలు పైకప్పు మీద ఆ బొమ్మ పరిగెడుతుంటే నాకు దాని గురించి భయం వెయ్యలేదు. సినిమా నిడివి 154 నిమిషాలు, కనీసం అరగంట తీసెయ్యొచ్చు. దాదాపు 30 కోట్ల డాలర్లు పెడితే ప్రపంచమంతా కలిపి వచ్చింది 38 కోట్ల చిల్లర, అందులో థియేటర్ల వాటా పోతే నష్టమే. ఈ లెక్క చూపించి సినిమాని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. రాత్రిపూట పడవ మీద ఇండీ స్నేహితుడి కూతురు హెలీనా అడుగుతుంది, కాలంలో వెనక్కి వెళ్లగలిగితే ఏం చేస్తావని. కొడుకుని సైన్యంలో చేరకుండా ఆపుతానంటాడు. ఆ కొడుకు వియత్నాంలో పోయాడు, ఆ దుఃఖంలో మేరియన్‌తో కాపురం కూడా చెడింది. ఫోర్డ్ ఆ మాటలు చెప్పే తీరు ఆయన మొత్తం కెరీర్‌లోనే మొదటి వరసలో పెట్టాల్సినది.

ప్రశ్నలకి సమయం ఇస్తామన్నారు. ఆ, చెప్పండి.

(సభలోంచి: మూడో సినిమా చివర సూర్యాస్తమయంలోకి గుర్రాల మీద వెళ్లిపోతారు. అక్కడితో ఆపేసి ఉంటే సిరీస్ పరువు దక్కేది కదా సార్? ఆ తర్వాత రెండూ ఎందుకు?)

మంచి ప్రశ్న. చాలా ఏళ్లు నేనూ అదే అన్నాను. అంతకంటే అందమైన ముగింపు ఉండదు, నిజమే. కానీ గుర్రాల మీద వెళ్లినవాళ్లు ఎక్కడికి వెళ్లారు? ఇంటికే కదా. ఇంటికెళ్లాక ఏమైందో ఆ షాట్ చెప్పదు. ఐదో సినిమాలో కాలంలో రెండువేల ఏళ్లు వెనక్కి వెళ్లి, ప్రాచీన గ్రీకు నగరం సిరక్యూస్ ముట్టడి మధ్యలో, తూటా తగిలిన ఇండీ నన్ను ఇక్కడే వదిలెయ్యండి అంటాడు. జీవితమంతా చదివిన చరిత్రలోనే చచ్చిపోవాలని ఉంది అతనికి. ఆ సూర్యాస్తమయం లాంటి ముగింపే కోరుకుంటున్నాడు. హెలీనా ఒప్పుకోదు. ఒక్క గుద్దు గుద్ది ఇంటికి తీసుకొచ్చేస్తుంది.

తర్వాత సీన్ న్యూయార్క్‌లో అతని అపార్ట్‌మెంట్. మేరియన్ సరుకుల సంచీతో వస్తుంది. ఇద్దరికీ జుట్టు నెరిసింది. బిడ్డ పోయాడు. ఇద్దరూ వంటగదిలో నిలబడతారు. అప్పుడు ఆ ఓడ గదిలోని ప్రశ్న, నలభై రెండేళ్ల తర్వాత, మళ్లీ వస్తుంది. నొప్పి లేనిది ఎక్కడ? ఆ రోజు అది ఒంటి గాయాల గురించి, ఈ రోజు అంతకంటే ఎక్కువ. ముద్దు మళ్లీ మోచేతి దగ్గర్నుంచే మొదలవుతుంది. బాల్కనీ తీగ మీద టోపీ ఆరేసి ఉంటుంది. ఒక చెయ్యి వచ్చి దాన్ని లోపలికి లాగేసుకుంటుంది.

మూడోదానితో ఆపేసి ఉంటే నాకు ఆ వంటగది ఉండేది కాదండీ. దానికోసం ఫ్రిజ్ కూడా భరిస్తాను.